ఎండ తిన్న పువ్వు

మొన్న పొద్దున వేములపల్లి నుంచి ఒక పెద్దాయన మా ల్యాబుకు వచ్చాడు. మిర్యాలగూడలో చిన్న రక్తపరీక్షల ల్యాబులో నా ఉద్యోగం. తెల్లారేసరికి ఏమీ తినకుండా వచ్చి బెంచీ మీద వరసగా కూర్చునే వాళ్ల చేతుల్లో నరం వెతకడంతో నా రోజు మొదలవుతుంది. మిల్లుల్లో ఉడికే వడ్ల వాసన ఈ ఊళ్లో గాలితో పాటే ఉంటుంది కాబట్టి వేరే వాసనలు మాకు తొందరగా తెలియవు. ఆ పెద్దాయన కుర్చీలో కూర్చొని, సంచిలోంచి ఒక ప్లాస్టిక్ సీసా తీసి మూత తిప్పి, "ఇది తాగినంక రక్తం తీస్తవా, తాగకముందే తీస్తవా బిడ్డా?" అని అడిగాడు. సీసాలో పలచటి పసుపుపచ్చ నీళ్లు. ఎండుగడ్డిని తడిపి ఉడకబెట్టినట్టు, ఉలవలు వార్చిన కుండను కడగకుండా వదిలేసినట్టు వగరుగా ఒక వాసన వచ్చింది. చూడకుండానే నాకు తెలిసింది. తంగేడు పూల కషాయం. "అది నీ ఇష్టం పెద్దయ్యా, బిళ్లలు మాత్రం ఆపకు," అన్నాను. నా గొంతు ఎందుకో గట్టిగా వచ్చినట్టుంది, ఆయన కొంచెం బెదిరి సీసా మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

నేను పుట్టి పెరిగింది తిరుమలగిరిలో. బస్సులు ఆగే చోటు నుంచి లోపలికి నడిస్తే, ఎర్రమట్టి గోడల మధ్య మా గల్లీ, ఆ గల్లీ చివర మాది. ఇల్లు చిన్నది, వాకిలి పెద్దది. వాకిలి నడుమ ఒక వేపచెట్టు, దాని కింద మా నాయిన కుట్టు మిషన్. ఆయన టైలర్. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, కాళ్ల కింద టకటకలాడే పెడలు, ఇవి లేకుండా ఆయనను తలచుకోవడం నాకు చేతకాదు. ఎండాకాలం మొదట్లో వేపపూత రాలి కత్తిరించిన బట్టల మీద, మిషన్ మీద, నాయిన జుట్టులో పడుతుండేది. కొత్త చొక్కా తొడుక్కున్న మనిషి జేబులో చెయ్యి పెడితే లోపల ఎండిన వేపపువ్వు తగిలేదట, మా నాయిన కుట్టిన చొక్కాను అట్లా గుర్తుపట్టేవాళ్లమని గల్లీవాళ్లు నవ్వేవాళ్లు. మాకు వేరే ఆటబొమ్మలు అక్కరలేకుండె. దారం అయిపోయిన రీళ్లు మా బండి చక్రాలు, గుడ్డపేలికలు మా బొమ్మల చీరలు, జత తప్పిన గుండీలు మా పందెం సొమ్ము. నేనూ, పక్కింటి ఎల్లవ్వ మనుమరాళ్లూ ఆ చెట్టు నీడలో పొద్దంతా ఆడి, నీడ జరిగిన కొద్దీ మేమూ జరుగుతుండేవాళ్లం. నాయిన కూడా మిషన్‌ను ఈడ్చుకుంటూ నీడ వెంట జరిగేవాడు.

దసరా ముందు నెల మా ఇంట్లో పండుగ ఉండదు, పని ఉంటుంది. దండేల నిండా ఊరివాళ్ల బట్టలు వేలాడేవి. అమ్మ కాజాలు కుట్టేది, నేను గుండీలు. మా బట్టలు మాత్రం అందరివీ అయిపోయాక, మిగిలిన ముక్కల్లోంచి, చివరి రోజు. అయినా బతుకమ్మ దినాల్లో సాయంత్రాలు అమ్మ పని ఆపేసి నన్ను తీసుకొని ఊరి వెనక గుట్ట మీదికి పూలకు పోయేది. ఆ గుట్టకు గరప నేల, రాళ్లు, ఎండ తప్ప ఇంకేమీ లేవు. అందుకే తంగేడుకు అది పుట్టిల్లు. ఎక్కడ చూసినా పచ్చటి పచ్చ. చేత్తో కొమ్మ వంచితే పుప్పొడి మోచేతి దాకా అంటుకునేది. సద్దుల నాడు అమ్మ నువ్వుల సద్ది, పెరుగు సద్ది, చింతపండు పులిహోర చేసి, జొన్నరొట్టె నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చుట్టేది. ఆ మలీద మా నాయినకు ప్రాణం. బతుకమ్మను నీళ్లలో వదిలి మేము తిరిగి వచ్చేసరికి మాకోసం దాచిన ముద్దల్లో సగం ఆయన నోట్లోకి పోయి ఉండేవి, "ఎలుకలు తిన్నయి," అనేవాడు మూతి తుడుచుకుంటూ.

ఆ రోజుల్లో తంగేడును పెంచడం అన్న మాట ఎవరన్నా అంటే పిచ్చి అనుకునేవాళ్లం. అది మేకలు కూడా ముట్టని చెట్టు. ఎవరూ నాటరు, నీళ్లు పోయరు, కంచె కట్టరు. దానంతట అదే వస్తుంది, ఉంటుంది.

నేను పెద్దబడికి పోయే ఏడు నాయిన ఎండిపోవడం మొదలైంది. చొక్కాలు ఆయనవే ఆయన లోపలికి కుట్టుకునేవాడు. కుండ పక్కన పెట్టుకొని చెంబుల మీద చెంబులు తాగినా దూప తీరేది కాదు. వాకిలి మూల ఆయన కూర్చొని లేచిన చోట చీమలు బారులు కట్టడం మొదట ఎల్లవ్వ చూసింది. ఆమె అమ్మను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. "సూడు పిల్లా, ఇది మంచి లచ్చనం గాదు. సూర్యాపేట దవాఖానకు తీస్కపో."

సూర్యాపేటలో షుగర్ అని చెప్పి బిళ్లలు రాసిచ్చారు. నాయిన కొన్ని నెలలు వాడాడు. బిళ్లలు మింగిన రోజుల్లో ఒకసారి మిషన్ దగ్గరే కళ్లు తిరిగి, చెమటలు పట్టి పడిపోయాడు. ఇప్పుడైతే అది ఎందుకో నాకు తెలుసు, తినకుండా బిళ్ల వేసుకొని పని మీద కూర్చున్నాడు. కానీ అప్పుడు మా అమ్మ చూసింది బిళ్లను, తర్వాత పడ్డ మనిషిని. ఆ రోజు నుంచి ఆ బిళ్లల పొట్లం ఆమెకు శత్రువు. ఎవరో చెప్పారు, కోదాడ దగ్గర ఒక పసరు వైద్యుడు ఉన్నాడని, షుగర్ ఎంతమందికో తగ్గించాడని. అమ్మ నన్ను వెంటబెట్టుకొని సూర్యాపేటలో బస్సు మారి పోయింది.

ఆయన తెల్లటి పంచెలో, ఇంటి అరుగు మీద, చాలా నెమ్మదిగా మాట్లాడే ముసలాయన. మోసగాడని ఇప్పటికీ నేను అనలేను; మా దగ్గర కొబ్బరికాయ తప్ప ఏమీ తీసుకోలేదు. "తంగేడు పూలు, అమ్మాయ్. అప్పుడే కోసినవి. పరగడుపున కషాయం కాచి తాగించు. ఒక్క పూట కూడా తప్పకూడదు. అయితే ఎండ తిన్న పువ్వే కావాలి, నీడన పూసినదానికి గుణం ఉండదు," అన్నాడు. అమ్మ బిళ్లల సంగతి అడిగింది. ఆయన, "వేసుకోవద్దని నేను చెప్పను. కానీ రెండూ ఒకేసారి ఒంటికి పడకపోవచ్చు," అన్నాడు. దారి పొడుగునా బస్సు కిటికీ పక్కన కూర్చొని అమ్మ ఆ మాటనే అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. తిరుమలగిరిలో దిగేసరికి దాని అర్థం ఆమెకు ఖాయమైపోయింది. బిళ్లల పొట్లం దూలం మీదికి పోయింది.

అమ్మ చేసింది తప్పని చెప్పడం ఇప్పుడు సులువు. కానీ ఆమె ముఖం ఆ రోజుల్లో ఎట్లా ఉండేదో చూసిన దాన్ని నేను. మునిగిపోయే మనిషి పట్టుకున్న కొమ్మను పక్కనుంచి చూసేవాళ్లు విడిపించగలరా?

గుట్ట మీది పూలు కొన్నాళ్లకే అందకుండా పోయాయి. కంకర మిషన్లు వచ్చాయి, గుట్టను ఒక పక్కనుంచి తినుకుంటూ వచ్చాయి, రాళ్లకు మందు పెట్టి పేలిస్తే మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. ఇంకో పక్క చెలకలను దున్ని పత్తి పెట్టారు. అమ్మ పూల కోసం చీకటితో లేచి చాలా దూరం నడిచి పోయి, ఎండ ఎక్కినాక కొంగు మూటతో వచ్చేది, ఒక్కోరోజు ఆ మూటలో గుప్పెడు కూడా ఉండేవి కావు. అప్పుడు నిర్ణయించుకుంది, వాకిట్లోనే పెంచాలని.

మొదట మొక్కలు తవ్వి తెచ్చింది. తంగేడు తల్లివేరు లోతుకు పోతుంది, పార పెడితే తెగుతుంది. తెచ్చినవన్నీ రెండు పూటల్లోనే తల వాల్చాయి. తర్వాత ఎండిన కాయలు ఏరుకొచ్చి, గింజలు వేడినీళ్లలో నానబెట్టి వేసింది. మొలిచాయి. మొలిచి, పొడుగ్గా, పాలిపోయి, వెలుతురు వైపుకు వంగి నిలబడ్డాయి. నేలంతా వేపచెట్టు నీడ. అమ్మ వాటి ముందు గొంతుక్కూర్చొని చాలాసేపు చూసి, తల పైకెత్తి చెట్టును చూసింది.

మరునాడు గొడ్డలి తెచ్చింది. మనిషిని పిలవలేదు, తనే నిచ్చెన వేసి ఎక్కింది. నాయిన కింద మిషన్ ముందు కూర్చొనే ఉన్నాడు.

"నా నీడ తీసేస్తున్నవ్ గదనే," అన్నాడు.

"నీ పానం కంటె నీడ ఎక్వనా? జర లే ఆడికెల్లి, కొమ్మ మీద వడ్తది."

ఆయన లేచాడు. మిషన్‌ను ఇంటి ముందు రేకుల పంచలోకి ఇద్దరం ఈడ్చాం. ఒక్కో కొమ్మ పడుతుంటే వాకిట్లోకి తెల్లటి వెలుగు ఒక్కో గంపెడు కుమ్మరించినట్టు వచ్చి పడింది. సాయంత్రానికి మొండెం మిగిలింది. ఆ రోజు ఇంటికొచ్చిన పిట్టలు ఎక్కడ వాలాలో తెలియక రేకుల మీద వాలి, కాళ్లు కాలి, లేచిపోయాయి.

తంగేడు మాత్రం బలిసింది. అమ్మ మొదట్లో ప్రేమ కొద్దీ పొద్దూమాపూ నీళ్లు పోస్తే ఆకులు పసుపెక్కాయి. "తంగేడుకు నీళ్లు వోస్తరానే పిచ్చిదానా, దాన్ని ఎండకు ఇడ్సిపెట్టు," అని ఎల్లవ్వ కేకలేసింది. వదిలిపెడితే నా నడుము దాకా, తర్వాత నా తల దాకా పెరిగాయి. మొదటి పువ్వు విచ్చిన పొద్దున అమ్మ నన్ను నిద్ర లేపి మరీ చూపించింది. అయిదు రేకులు, వాటి మీద సన్నటి గీతలు, నడుమ వంపు తిరిగిన కేసరాలు. నెల తిరక్కుండానే మా వాకిలి ఒక మూల నుంచి ఇంకో మూల దాకా పచ్చగా వెలిగింది. ఆమె కోసేది, కాచేది, వడగట్టి చెంబులో పోసి నాయిన ముందు నిలబడేది. ఆయన ముఖం చిట్లించి తాగి, చెంబు బోర్లించి చూపించేవాడు. పూత తక్కువ నెలల కోసం నీడన ఆరబెట్టి డబ్బాలకెత్తేది. కొన్నాళ్లు నిజంగానే ఆయన తేరుకున్నట్టు అనిపించింది. "దూప తగ్గిందే," అన్నాడు ఒకనాడు. అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఆ ఏడుపు నేను విన్న ఏడుపుల్లో మంచిది.

ఆ ఎండాకాలం రేకుల కింద కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. నాయిన తడిపిన తువ్వాల తల మీద వేసుకొని కుట్టేవాడు. బడికి సెలవులు. నేను గడప మీద కూర్చొని గుండీలు కుడుతున్నాను. ఆయన బొగ్గుల ఇస్త్రీపెట్టె మూత తెరిచి, ఊది, మూసి, ఒక ప్యాంటు ఇస్త్రీ చేసి పక్కన పెట్టి, మళ్లీ మిషన్ మీద కూర్చున్నాడు. పెడలు టకటకా నడుస్తోంది. నాకు ఏదో కాలిన వాసన వచ్చింది. బట్ట కాలిన వాసన కాదు.

"ఏదో కాల్తుంది నాయినా."

ఆయన ఇస్త్రీపెట్టెను చూశాడు, కుట్టే బట్టను తిరగేసి చూశాడు. "ఏం లేదు గద బిడ్డా," అన్నాడు. కాళ్లు ఆగలేదు.

నేను వంగి చూశాను. ఆయన కుడిపాదం మీద, వేళ్ల మొదట్లో, నిప్పు కణిక ఒకటి ఉంది. అది అక్కడ కూర్చొని చర్మంలోకి దిగుతోంది. ఆ కాలు పెడలు తొక్కుతూనే ఉంది. నేను అరిచాను. ఆయన కిందికి చూసి, చేత్తో దాన్ని తోసేసి, పాదాన్ని అట్లా చూస్తూ ఉండిపోయాడు. నొప్పి లేదు ఆయన ముఖంలో. నొప్పి లేకపోవడం చూసి కలిగిన భయం ఉంది. "నాకు తెల్వలే," అన్నాడు నాతో, నేనేదో పెద్దదాన్నయినట్టు. "బిడ్డా, నాకు తెల్వనే లే."

అమ్మ తంగేడు ఆకు నూరి కట్టింది. పొద్దున కట్టు విప్పడం, కడగడం, మళ్లీ నూరి కట్టడం. పుండు ఎండినట్టు పైన పొక్కు కట్టేది, లోపల నుంచి మెత్తబడేది. వానలు పడ్డాయి. తంగేడు ఎన్నడూ పూయనంతగా పూసింది. అమ్మ పూలు రెట్టింపు వేసి కషాయం చిక్కగా కాచింది, పూటకు రెండు చెంబులు తాగించింది. ఇంట్లోకి అడుగుపెడితే రెండు వాసనలు, కాచిన పూలదీ, కట్టులోదీ. ఏది ఏదో నాకు తెలియకుండా పోయిన రోజులున్నాయి. బొటనవేలు నల్లబడ్డది. ఆ నలుపు పక్కవేలికి, అక్కడి నుంచి పైకి పాకింది. ఆయనకు చలిజ్వరం వచ్చి మాటలు తప్పిపోతుంటే ఎల్లవ్వ అమ్మ భుజాలు పట్టి ఊపింది. "ఇగ చాలు. ఇగనన్న లే. మనిషిని సంపుకుంటవా?"

సూర్యాపేట బస్సులో నాయినను ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాం. కాలికి దుప్పటి చుట్టాం. పక్క సీట్లవాళ్లు లేచి ముందుకు పోయి నిలబడ్డారు. అమ్మ ఎవరి వైపూ చూడలేదు, ఒడిలో సంచిని రెండు చేతులతో పట్టుకొని కూర్చుంది.

దవాఖానలో డాక్టరు కట్టు విప్పి చూసి, "బిళ్లలు ఎప్పుడు ఆపించారమ్మా?" అని అడిగాడు. అమ్మ సంచిలోంచి సీసా తీసి ఆయనకు చూపించింది. "మందు ఆపలే సారు. ఇది తప్పకుంట తాగుతుండు. ఒక్క పూట ఇడ్వలే." ఆయనకు కోపం వస్తుందని నేను గోడకు ఒదిగాను. రాలేదు. సీసాను అందుకొని, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు. "ఈ పువ్వును నేనేమీ అననమ్మా. కానీ పాదం పోయింది. మోకాలన్నా నిలబెట్టుకుందాం."

మోకాలు నిలిచింది, దాని కింద లేదు. తెలివి వచ్చిన నాయిన దుప్పటి పల్లంగా ఉన్న చోటును చేత్తో తడిమి, చెయ్యి తీసేసుకున్నాడు. అమ్మ చుట్టూ చూసి, నర్సు అటు తిరిగినప్పుడు, సీసా మూతలో కషాయం పోసి ఆయన నోటి దగ్గర పెట్టింది. సగం గడ్డం మీద ఒలికింది. నేను ఆపబోయాను. నాయిన కళ్లతోనే నన్ను ఆగమన్నాడు. "తాగుత తియ్యి," అన్నాడు అమ్మతో. తాగాడు. ఆయన దానిని నమ్మి తాగలేదు. ఆమెకోసం తాగాడు.

మేము ఇంటికి వచ్చేసరికి బతుకమ్మ దినాలు. వాకిట్లో చూసిన చోటల్లా పచ్చ, కోసే దిక్కులేక కొమ్మలు వంగి నేలను తాకుతున్నాయి. ఆటో దిగి నాయినను మంచం మీదికి చేర్చి, అమ్మ నేరుగా మూలకు పోయి గొడ్డలి తీసింది. ఒక్కో మొదలుకూ ఒక్కో దెబ్బ. పుప్పొడి ఎగిరి ఆమె జుట్టు, ముఖం, చేతులు పసుపు రాసినట్టయ్యాయి.

"ఇడ్సిపెట్టే. అది ఏం జేసింది?" అన్నాడు నాయిన మంచం మీది నుంచి.

ఆమె ఆగలేదు. గల్లీ ఆడవాళ్లు గోడవతల చేరి చూస్తున్నారు, లోపలికి రావడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. చివరి చెట్టు పడ్డాక అమ్మ ఆ కుప్ప మధ్యలో కూలబడ్డది. అప్పుడు నాయిన మోచేతుల మీద లేచి గోడవైపు చూసి పిలిచాడు. "రాండ్రి. ఎండిపోతయి, తీస్కపోండ్రి."

ఎల్లవ్వ ముందు వచ్చింది. తర్వాత అందరూ. చప్పుడు చెయ్యకుండా, కూర్చున్న అమ్మ చుట్టూతా కొమ్మలు ఏరుకొని చేతుల నిండా మోసుకుపోయారు. ఆ సాయంత్రం మా గల్లీ బతుకమ్మ ఊళ్లో అన్నింటికంటే ఎత్తు. చప్పట్లు మా ఇంట్లోకి వినబడుతుంటే అమ్మ తలుపు వేసి గొళ్లెం పెట్టింది.

నరికిన తంగేడు చావదు. తొలకరికి మొదళ్ల నుంచి మళ్లీ చిగురు వేసింది. అమ్మ నరికింది. మళ్లీ వేసింది. మళ్లీ నరికింది. నాయిన మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాడు, ఒక్క కాలితో తొక్కడం నేర్చుకున్నాడు, కానీ పెద్ద పని ఎవరూ తేలేదు, అంచులు, చినుగులు, అంతే. దూలం మీది బిళ్లలు దిగాయి, మళ్లీ మొదలయ్యాయి, చాలా ఆలస్యంగా. ప్రతి సాయంత్రం అమ్మ ఆయన మిగిలిన పాదాన్ని కడిగి, తుడిచి, వేళ్ల సందులన్నీ విప్పి చూసేది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టుకొని కూర్చునేవాడు. ఆ పాదం నిలిచింది. లోపల మూత్రపిండాలు నిలవలేదు. నేను ఇంటర్ చదువుతుండగా పోయాడు.

తర్వాత మేము ఇల్లు అమ్ముకొని మిర్యాలగూడ వచ్చేశాం. అమ్మ ఇప్పుడు నాతోనే, కిరాయి ఇంట్లో, మేడ మీద ఉంటుంది. ఆమెకూ షుగర్ వచ్చింది. బిళ్ల నేను చేతిలో పెడితే మాట్లాడకుండా మింగుతుంది.

పోయిన నెల చుట్టాల పెళ్లికి తిరుమలగిరి పోయాం. ఊరి వెనక గుట్ట లేదు, అది ఉన్న చోట నీళ్లు నిలిచిన గొయ్యి ఉంది. ఎల్లవ్వ లేదు, ఆమె మనుమరాళ్లు ఎక్కడున్నారో తెలియదు. గల్లీకి సిమెంటు వేశారు. మట్టి గోడలు పోయి షట్టర్లు వచ్చాయి, మా వాకిలి ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో నాకే అంతు చిక్కలేదు. అమ్మ మాత్రం ఒక జిరాక్సు దుకాణం ముందు ఆగింది. ఆగి, ఎండలో కదలకుండా నిలబడ్డది.

లోపలున్న ఆమె ఒకసారి చూసి, రెండోసారి చూసి, బయటికి వచ్చింది. "ఎవల కోసం సూస్తున్నవ్ అవ్వా? ఎవలిల్లు గావాలె?"

మా అమ్మ పెళ్లయిన నాటి నుంచి నాయిన పేరు నోటితో పలికిన మనిషి కాదు. రేషన్ దుకాణంలో అడిగినా, దవాఖానలో అడిగినా నన్ను ముందుకు తోసేది, నేను చెప్పేదాన్ని. ఇప్పుడు కూడా అదే చేస్తుందనుకొని నేను నోరు తెరిచాను. ఆమె నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"సోమయ్య," అంది. మళ్లీ, ఇంకొంచెం గట్టిగా, "టైలర్ సోమయ్య ఇల్లు," అంది.

దుకాణం ఆమె లోపలికి తిరిగి ఎవరినో అడిగి, మళ్లీ వచ్చి, పాపం, మర్యాదగానే చెప్పింది.

"ఆ పేరుతోని గీడ ఎవ్వలు లేరవ్వా."